బిళ్లల మిషను: ఏడాదిన్నర వాడాక

బ్యాడ్జీలు చేసే మిషను కొన్నది 2024 జూన్‌లో. అంటే ఎన్నికల ఫలితాలు వచ్చేసి వారం దాటాక. "బ్యాడ్జీలు అమ్ముకునేవాళ్లంతా ఏప్రిల్లో, మేలో అమ్ముకుని ఫ్యాను కింద కూర్చున్నారు, నువ్వు ఇప్పుడు కొట్టు తెరుస్తున్నావా" అన్నారు మా ఆయన. ఇప్పటికీ అంటూనే ఉన్నారు. అయినా నేను కొన్నది పార్టీల కోసం కాదు. కాకినాడలో ఒక జిరాక్స్ షాపులో పన్నెండేళ్లుగా డీటీపీ, అంటే కంప్యూటర్లో అక్షరాలు కూర్చే పని, చేస్తున్నాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కర్మ పత్రికలు, ఏది వస్తే అది. "బ్యాడ్జీలు చేస్తారామ్మా" అని అడిగి, లేదంటే వెనక్కి తిరిగిపోయేవాళ్లు నెలకి ఇద్దరో ముగ్గురో ఉండేవారు. మా ఓనరుగారితో చెబితే "ఆ చిల్లర పని మనకెందుకమ్మా" అన్నారు. పోనీ నేను ఇంట్లో చేసుకోనా అంటే నిక్షేపంగా చేసుకోమన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని డబ్బు పెట్టాను.

ఆన్‌లైన్లో తెప్పించాను. 58 మిల్లీమీటర్ల మిషను, కాగితం గుండ్రంగా కోసే కట్టరు, వంద బ్యాడ్జీలకి సరిపడా సామాను, మొత్తం కలిపి 7,400 రూపాయలు. డబ్బా మీద కంపెనీ పేరంటూ ఏమీ లేదు. నీలం రంగు వేసిన ఇనుప ముద్ద, పొడుగాటి పిడి, పిడికి నల్ల రబ్బరు తొడుగు. అమ్మినవాళ్ల పేరు రాయను, రాసినా ఉపయోగం లేదు. ఇదే మిషనుని పదిమంది పది పేర్లతో, ఒకే ఫొటోతో అమ్ముతున్నారు. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఆ మాదిరి మిషను గురించి అనుకోండి.

ఇందులో 25, 32, 44, 58, 75 అని చాలా సైజులున్నాయి. మనవైపు నడిచేది 58. అంటే రెండుంపావు అంగుళాలకి ఒక పిసరు ఎక్కువ. చొక్కా జేబు మీద పెడితే పేరు నాలుగడుగుల దూరం నుంచి చదవొచ్చు. చిన్న సైజులు పిల్లల బ్యాగులకి ముద్దుగా ఉంటాయి కానీ వాటి సామాను అయిపోతే మళ్లీ తెప్పించుకునే లోపు ఆర్డరు చేజారిపోతుంది. 58 సామాను ఎవరిదగ్గరైనా ఉంటుంది.

మా నాన్నగారి కాలంలో ఆఫీసు బంట్రోతు గుండెల మీద ఇత్తడి బిళ్ల ఉండేది. బిళ్ల బంట్రోతు అనేవారు. మా ఇంట్లో అందుకే దీన్ని బిళ్లల మిషను అంటాం. ఆర్డరు వస్తే "ఇవాళ ఎన్ని బిళ్లలు?" అని అడుగుతారు.

అది పనిచేసే తీరు చెబుతాను, ఎందుకంటే అమ్మినవాళ్లు ఒక్క కాగితం ముక్క కూడా పెట్టలేదు. బ్యాడ్జీకి నాలుగు ముక్కలు: రేకు మూత, మనం అచ్చువేసిన కాగితం, పల్చటి ప్లాస్టిక్ బిళ్ల, పిన్నున్న వెనక మూత. మిషను కింద తిరిగే పళ్లెంలో రెండు గుంటలుంటాయి. మొదటి గుంటలో రేకు మూతని బోర్లించి, దాని మీద కాగితం, ఆపైన ప్లాస్టిక్ పెట్టి పిడి నొక్కితే మూడూ పై డైలోకి, అంటే పైనున్న ఇనుప అచ్చులోకి, ఎక్కేస్తాయి. పిడి లేపి చూస్తే గుంట ఖాళీ. మొదటిసారి నేను కాగితం ఎగిరిపోయిందేమోనని బల్ల కింద వెతికాను. తర్వాత రెండో గుంటలో వెనక మూతని పిన్ను కిందికి ఉండేట్టు పెట్టి, పళ్లెం తిప్పి, మళ్లీ నొక్కాలి. కజ్జికాయ అంచు మడిచి నొక్కినట్టు కాగితాన్నీ ప్లాస్టిక్‌నీ రేకు అంచుతో సహా లోపలికి మడిచి, వెనక మూతని బిగించేస్తుంది. ఆ రెండో నొక్కులో చేతికి ఒక చిన్న కటుక్కు తగులుతుంది. అది తగిలితే బిళ్ల కుదిరినట్టు. తగలకపోతే లోపల ఏదో తేడా ఉన్నట్టు, ఇంకా బలం పెట్టకూడదు. ఈ ముక్క తెలియడానికి నాకు ఇరవైమూడు బిళ్లలు ఖర్చయ్యాయి.

మా ఆడపడుచు కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. వీడియో కాల్లో చూసి "అత్తయ్యా, ఇది మా పక్క ఊళ్లో పుట్టింది" అన్నాడు. అక్కడి నూవార్క్‌లో వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే కంపెనీ 1896లో ఈ పిన్ను బ్యాడ్జీకి పేటెంటు తీసుకుందట. ఆ ఏడాదే అక్కడ మెకిన్లీకీ బ్రయన్‌కీ అధ్యక్ష పదవికి పోటీ. రెండు వర్గాలవాళ్లూ వీటిని తెగ పంచిపెట్టారు. అప్పట్లో కాగితం మీద ప్లాస్టిక్ బదులు సెల్యులాయిడ్, మిగతా కీలకం ఇంచుమించు ఇదే. మా ఆయన పక్కనుంచి విని "చూశావా, వాళ్లు ఎన్నికల ముందే మొదలెట్టారు" అన్నారు.

మొదటి వందలో పోయిన ఆ ఇరవైమూడింటి సంగతికి వస్తాను. కొత్తగా కొనేవాళ్లకి పనికొచ్చేది అదే. రేకు మూతలు ఒకదాంట్లో ఒకటి దూరి, దొంతరగా వస్తాయి. రెండు కలిసిపోయి ఒకటిలా కనిపిస్తాయి. అలా జంట మూత పెట్టి నొక్కానా, రెండో నొక్కులో పిడి సగంలో ఆగిపోయింది. మా అబ్బాయి వచ్చి బరువంతా వేసి నొక్కాడు. డై బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవరుతో గంటసేపు పీకాం. ఇప్పుడు పని మొదలెట్టే ముందు మూతలన్నీ విడదీసి, ఇస్తరాకులు పరిచినట్టు పళ్లెంలో పరుస్తాను. ఇంకోటి, మొదటి నొక్కు అయ్యాక ఫోనొస్తే ఎత్తకండి. తిరిగొచ్చి గుంట ఖాళీగా ఉందని మళ్లీ మూత పెట్టి నొక్కుతారు. పైన అప్పటికే ఒకటి ఎక్కి కూర్చుని ఉంటుంది.

వంకర బిళ్లలు వేరే కథ. పిన్ను అడ్డంగా ఉండి, బొమ్మ నిటారుగా ఉండాలి కదా. పళ్లెం తిరిగేటప్పుడు వెనక మూత ఒక పిసరు జరిగితే చాలు, చొక్కాకి పెట్టుకున్నాక గాంధీగారు పక్కకి ఒరిగిపోయి కనిపిస్తారు. మిషను మీద గుర్తేమీ లేదు. మా అమ్మాయి గోళ్లరంగు తెచ్చి రెండు గుంటల అంచు మీదా ఒక్కో ఎర్ర గీత గీసింది. కాగితం పైభాగం ఒక గీతకి ఎదురుగా, పిన్ను ఇంకో గీతకి సమంగా. ఇరవై రూపాయల గోళ్లరంగుతో తీరిపోయిన బాధని ఏడువేలు తీసుకున్నవాడు తీర్చలేదు.

చప్పుడు సంగతి కూడా చెప్పాలి. మేం ఉండేది మేడ మీద వాటాలో. బల్ల మీద పెట్టి నొక్కితే కిందింట్లో రోలు దంచినట్టు వినిపిస్తుందట. మూడో రోజు రాత్రి కింది మామ్మగారు మెట్లెక్కి వచ్చి "ఏంటమ్మా, ఈ వేళప్పుడు గారెలకి రుబ్బుతున్నావా" అని అడిగారు. పాత గోనెసంచి నాలుగు మడతలేసి, దాని మీద చెక్కపీట, పీటకి మిషనుని నట్టులతో బిగించాను. మిషను అడుగున నాలుగు కన్నాలు అందుకే ఉన్నాయి. ఇప్పుడు నేలమీద కూర్చునే నొక్కుతాను. నడుముకి అదే సుఖం. రాత్రి తొమ్మిదిన్నర దాటితే మాత్రం ముట్టుకోను, మామ్మగారికి మాటిచ్చాను.

ఇంతవరకూ చెప్పినవన్నీ చేతికి అలవాటైతే పోయేవే. మిషనుతో నాకు పేచీ లేదు. పేచీ అంతా దాంతో పంపిన కట్టరుతో. గుండ్రటి గాజు లాంటి డబ్బీ, మధ్యలో తిప్పే పిడి, పక్కన చిన్న బ్లేడు. వీడియోలో అమ్మాయి నవ్వుతూ ఒక్క చుట్టు తిప్పితే గుండ్రటి కాగితం ఊడివచ్చింది. నా చేతిలో మూడు చుట్లు తిప్పినా ఒకచోట తెగకుండా ఉండి, లాగితే చీలిక వచ్చేది. ఆ చీలిక మన కంటికి కనపడదు. మిషనుకి కనపడుతుంది. 58 బిళ్లకి కాగితం సరిగ్గా 70 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక మిల్లీమీటరు తగ్గితే అంచు లోపలికి మడిచే వేళకి కాగితం చాలక, పక్కనుంచి రేకు తళుక్కుమంటుంది. ఒక మిల్లీమీటరు పెరిగితే ముడతలు పడి డై పట్టేస్తుంది. తిప్పే కట్టరుతో కోస్తే ఒక్కటి కూడా నిక్కచ్చిగా 70 ఉండదు, బ్లేడు ఊగుతుంది. యాభై కోసేసరికి మణికట్టు వాచింది.

నాలుగు నెలలు అలాగే ఈడ్చాను. దసరాకి వచ్చిన డబ్బుతో 3,800 పెట్టి పంచ్ కట్టరు కొన్నాను. ఇది ఇనుప పళ్లెంలా ఉంటుంది. కాగితాన్ని సందులోకి దూర్చి, బొమ్మ మధ్యకి వచ్చిందో లేదో చూసుకుని పిడి దించితే, బూరెలగిన్నెలోంచి బూరె తీసినంత తేలిగ్గా గుండ్రటి ముక్క కింద పడుతుంది. అంచు నున్నగా ఉంటుంది. గంటన్నర పట్టే వంద కాగితాలు ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతాయి. ఆ రోజు నుంచీ నా చెత్త బిళ్లలు వందకి రెండు దాటలేదు. మిషను కొనేటప్పుడు అందరూ మిషను గురించే అడుగుతారు. నన్నడిగితే ఉన్న డబ్బులో సగం కట్టరుకి పెట్టండంటాను. అమ్మేవాళ్ల జాబితాలో కట్టరు ఎప్పుడూ "ఉచితం" అని ఉంటుంది, ఆ మాటతోనే అర్థం చేసుకోవాలి.

కాగితం విషయంలో నేను చేసిన ప్రయోగాలు రాస్తే పుస్తకమవుతుంది, రెండు ముక్కల్లో చెబుతాను. మామూలు 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 75 గ్రాముల బరువు) జిరాక్స్ కాగితం పల్చన, లేత రంగుల కింద రేకు మెరుపు తెలుస్తుంది. 100 నుంచి 130 దాకా హాయిగా పడుతుంది. 180 ఫొటో కాగితం ఎంత అందంగా ఉన్నా వద్దు, మిషను మొరాయిస్తుంది. పది, ఇరవై బిళ్లల పనికి ఇంట్లో ఇంకు ప్రింటరు చాలు. వందల్లో అయితే డిజిటల్ ప్రెస్సులో 12 బై 18 అంగుళాల కాగితం మీద లేజరు వేయిస్తాను, ఒక్కో షీటులో 24 పడతాయి. ఇంకు ప్రింటు బిళ్ల చెమటకి అంచుల్లోంచి తడి పీల్చుకుని రంగు దిగుతుంది. మా కాకినాడ ఉక్కలో మే నెలలో ఊరేగింపుకి ఇచ్చిన ఎర్ర బిళ్లలు తెల్ల చొక్కాల మీద కుంకుమ బొట్లు పెట్టాయి. ఆ కమిటీ వాళ్లు మళ్లీ నా దగ్గరికి రాలేదు. న్యాయమే.

ఇంట్లో ఏ4 మీద వేసుకునేవాళ్లకి ఒక చిట్కా. కాగితం వెడల్పు 210, మన ముక్క 70. మూడు డెబ్బైలు రెండు వందల పది, లెక్క కుదిరిందని నేను కూడా సంబరపడ్డాను. కానీ ప్రింటరు అంచుల్లో మూడేసి మిల్లీమీటర్లు వదిలేస్తుంది. దాంతో వరసకి రెండే, నాలుగు వరసలకి ఎనిమిదే. మా అమ్మ మేడ మీద అప్పడాలు ఎండబెట్టేటప్పుడు ఒక వరస సందుల్లోకి రెండో వరసని జరిపేది, చాప మీద ఎక్కువ పట్టాలని. అది గుర్తొచ్చి, కాగితం అడ్డంగా పెట్టి, పైన నాలుగు, సందుల్లో మూడు, కింద నాలుగు సర్దాను. పదకొండు పట్టాయి. ఇంకో మాట: 70లో కంటికి కనిపించేది 58 మాత్రమే, చుట్టూ ఆరేసి మిల్లీమీటర్లు మడతలోకి పోతాయి. బొమ్మ రంగుని చివరిదాకా పరచాలి, రాతని మాత్రం 50 లోపలే ఉంచాలి. ఆర్డరిచ్చినాయన అడిగినట్టు అంచుదాకా పెద్దక్షరాలు పెడితే ఆయన పేరులో మొదటి అక్షరం వీపు వైపుకి పోతుంది.

తెలుగు అక్షరాలతో ఒక ప్రత్యేకమైన తంటా ఉంది. వీడియోల్లో చెప్పేవాళ్లకి ఇది తెలియదు, వాళ్లంతా ఇంగ్లీషులో వేస్తారు. బిళ్ల గుండ్రంగా ఉంటుంది కాబట్టి ప్రతివాళ్లకీ రాత అంచు వెంట వంపుగా రావాలి. మేం షాపులో వాడేవి 'అను' అనే పాత తెలుగు ఫాంట్లు, వాటిలో వత్తు విడి అక్షరం. వంపు గీత మీద రాత ఎక్కించగానే అక్షరం ఒకవైపు, దాని వత్తు ఇంకోవైపు వాలిపోతాయి. 2024 వినాయక చవితికి, సెప్టెంబరు 7న, ఒక వీధి కమిటీకి ముప్పై బిళ్లలు చేశాను. 'అధ్యక్షుడు'లో క్ష కింద ఉండాల్సిన షకారం పక్కింటికి వెళ్లినట్టు డు కిందకి పోయింది. రాత్రి తొమ్మిదికి చూసుకున్నాను. మామ్మగారికి ఇచ్చిన మాట ఆ ఒక్కరోజు తప్పాను. ఆ ముప్పైలో తొమ్మిది బిళ్లలు గౌరవ అధ్యక్షులవి, అందుకే తొమ్మిదీ మళ్లీ చేయాల్సి వచ్చింది. మామూలు సభ్యులు నలుగురే. ఇప్పుడు వంపు రాత అడిగితే ఒక్కో అక్షరాన్నీ వత్తుతో కలిపి గుంపు చేసి చేత్తో తిప్పుకుంటూ పెడతాను, దానికి విడిగా యాభై తీసుకుంటాను. తిన్నటి రాతకైతే యూనికోడ్ ఫాంట్లు, రామభద్ర లాంటి బొద్దుగా ఉన్నవి, చిన్న బిళ్ల మీద బాగా తెలుస్తాయి. అవి ఉచితంగా దొరుకుతాయి.

ఆగస్టు 15 స్కూలు ఆర్డరు నాకు మొదటి పెద్ద పని. మూడొందల బిళ్లలు. జెండా బొమ్మ మీద స్కూలు పేరు, ఫోను నంబరు వేయమన్నారు. జెండా మీద ఏ రాతా ఉండకూడదని ఫ్లాగ్ కోడ్ 2002లో ఉంది, జాతీయ గౌరవానికి అవమానం జరగకుండా చేసిన 1971 చట్టంలోనూ ఉంది. కరస్పాండెంటుగారికి చెబితే "అందరూ వేస్తున్నారు కదమ్మా" అన్నారు. చివరికి తెల్ల బిళ్ల మధ్యలో చిన్న జెండా, దాని కింద ఖాళీలో పేరు అని ఒప్పించాను. ఫోను నంబరు మానిపించాను. బడిపిల్లల గుండెల మీద అడ్మిషన్ల ప్రకటనేమిటి! ఇంకోటి, నెట్‌లో దొరికే జెండా బొమ్మల్ని గుడ్డిగా వాడకండి. అశోక చక్రానికి 24 ఆకులుండాలి. నేను మొదట దించుకున్న బొమ్మలో లెక్కపెడితే పదహారే ఉన్నాయి.

నాకు బాగా డబ్బొచ్చేవీ, నిద్ర పోగొట్టేవీ పదో తరగతి బ్యాచ్‌ల కలయికలు. సంక్రాంతికి, వేసవికి ఊరూరా ఇవే. 2025 సంక్రాంతికి ఒక బ్యాచ్, 1996-97 వాళ్లు, ఎనభై నాలుగు బిళ్లలు. ఒక్కో బిళ్ల మీద ఒక్కో పేరు. పేర్లు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో పంపారు. రమా, రామా? కళా, కలా? సత్యవతికి తి పొట్టా, పొడుగా? 'సత్తిబాబు' అని ఉన్నాయన సత్యనారాయణ అని వేయించుకుంటారా, సత్తిబాబుగానే ఉంటారా? తోచింది వేసేసి పంపించాను. అందులో ఆరు తిరిగొచ్చాయి.

తిరిగొచ్చినవాటిలో ఒకటి నా తప్పు కాదు, నిర్వాహకులదీ కాదు. ఒకావిడ పేరు పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరుతో వేశాం, వాళ్ల జాబితాలో అలాగే ఉంది. ఆవిడ ఎవరిదో నంబరు పట్టుకుని నాకే ఫోన్ చేశారు. "అమ్మా, బళ్లో నన్ను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. అటెండెన్సులో నా పేరు వేరు. ఆ రోజుకి నాకు అదే కావాలి" అన్నారు. ఒక్క బిళ్ల కోసం కట్టరు తీసి, మిషను దించి, మళ్లీ చేశాను. డబ్బులు అడగలేదు. అప్పటి నుంచీ బ్యాచ్ ఆర్డర్లకి ఒకటే షరతు: ఆడవాళ్ల పేర్లు అటెండెన్సు రిజిస్టరులో ఉన్నట్టు, అందరి పేర్లూ తెలుగులో చేత్తో రాసి ఫొటో తీసి పంపాలి. అక్షరదోషం వాళ్లదైతే వాళ్లే కట్టుకోవాలి, నాదైతే నేను. ఈ షరతు పెట్టాక మూడు బ్యాచ్‌లు చేశాను, మొత్తం మీద ఒక్కటే వెనక్కొచ్చింది. అది నాదే, 'వెంకటేశ్వర్లు'లో ల వత్తు మరిచిపోయాను.

ఇక లెక్కలు. సామాను అయిదొందల సెట్లు ఒకేసారి తెప్పిస్తే సెట్టు 4.80 పడుతోంది, రవాణాతో కలిపి. ప్రింటు రూపాయి. పోయేవి, తిరిగొచ్చేవి, కవర్లు అన్నీ వేసుకుని బిళ్లకి ఆరున్నర అనుకుంటాను. వందకి పైన ఒకే బొమ్మ అయితే 18 నుంచి 20కి ఇస్తాను, పేర్లతో అయితే 30, పది లోపు అయితే 50. స్కూలు మూడొందలకి 5,400 వచ్చాయి, ఖర్చు పోను 3,450. బ్యాచ్ ఎనభై నాలుగుకి 2,520 వచ్చాయి, మిగిలింది రెండు వేలకి కాస్త తక్కువ. స్కూలుది ఎనిమిది గంటల పని. బ్యాచ్‌ది కూడా ఇంచుమించు అంతే, అందులో నొక్కడం గంటన్నర కూడా లేదు. మిగతాదంతా పేర్లు చూడటం, ఫోన్లెత్తడం, మళ్లీ చూడటం. "నాలుగు రూపాయల బిళ్ల ముప్పైకి అమ్మండి, రోజుకి అయిదువేలు" అని వీడియోల్లో చెప్పేవాళ్లు ఈ గంటలు చూపించరు. నాకు సగటున నెలకి మూడు, నాలుగు వేలు మిగులుతున్నాయి. మార్చిలో, జులైలో ఏమీ రాదు. జూన్‌లో స్కూలు లీడర్ల బ్యాడ్జీలు, హౌస్‌ల రంగులు అడుగుతారు. పెట్టిన డబ్బు మొదటి వినాయక చవితికే తిరిగొచ్చింది, పంచ్ కట్టరుది సంక్రాంతికి.

సామానులో ఒక మెలిక ఉంది. వెనక మూత రేకుదీ దొరుకుతుంది, ప్లాస్టిక్‌దీ దొరుకుతుంది. రేకుది చేతికి గట్టిగా, ఖరీదుగా ఉంటుంది. సముద్రపు గాలి ఊళ్లలో ఉండేవాళ్లు దాని జోలికి పోకండి. నేను నిల్వపెట్టిన రెండొందలు వానాకాలం దాటేసరికి పిన్ను మొదట్లో ఎర్రగా తుప్పు తేలాయి. స్కూలు యూనిఫారానికి తుప్పుమరక పడితే ఆ తల్లి మనల్ని ఏమంటుందో నాకు తెలుసు, నేనూ యూనిఫారాలు ఉతికినదాన్నే. ఇప్పుడు ప్లాస్టిక్ వెనకవే తెప్పించి, బియ్యం డబ్బాలాంటి బిగుతు మూత డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే, తడి పీల్చే సిలికా పొట్లాలు వేసి దాచుతున్నాను. ముందు వైపు రేకు మూతలు ప్లాస్టిక్ కింద ఉంటాయి కాబట్టి వాటికి అంత భయం లేదు. అయస్కాంతం వెనకవి, తాళాల గుత్తివి కూడా ఉన్నాయి. ఫ్రిజ్ అయస్కాంతాలు పుట్టినరోజు పిల్లల ఫొటోలతో బాగా పోతాయి. మామ్మగారు కూడా ఒకటి చేయించుకున్నారు, అన్నవరం సత్యదేవుడిది. ఇప్పుడు చప్పుడు గురించి అడగరు.

అమ్మినవాళ్ల సేవ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పద్నాలుగో నెలలో పై డై లోపలి స్ప్రింగు ఒకటి విరిగింది. విడిగా స్ప్రింగు పంపమంటే "హెడ్ మొత్తం మార్చుకోవాలి మేడమ్, 2,600" అని మెసేజి వచ్చింది, ఆ తర్వాత జవాబే లేదు. విరిగిన ముక్కని కాగితంలో చుట్టుకుని జగన్నాయకపురంలో ఒక లేతు పనివాడి దగ్గరికి వెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గ్యాసు పొయ్యి లైటరు స్ప్రింగులాంటిదే కదమ్మా" అని, నూటయాభైకి రెండు చుట్టి ఇచ్చాడు. ఒకటి వేశాం, ఒకటి దాచాను. నాలుగు నెలలైంది, బాగానే నొక్కుతోంది.

మిషనుకి అయిదుకి నాలుగు ఇస్తాను. దాంతో వచ్చిన కట్టరుకి ఒకటి, అదీ డబ్బా బాగుందని. మా అమ్మాయి అందులో రబ్బరు బ్యాండ్లు వేసుకుంటోంది. డీటీపీ వచ్చినవాళ్లు, శుభలేఖల పని ఉన్నవాళ్లు, బళ్లో డ్రాయింగు మాస్టార్లు కొనుక్కోవచ్చు. అక్షరాలు దిద్దే ఓపిక లేనివాళ్లు, "ఏదో ఒకటి వేసేద్దాం" అనేవాళ్లు మాత్రం కొనొద్దు. కొనేవాళ్లు మిషను, యాభై సెట్ల సామాను మాత్రం తీసుకుని, కట్టరు వద్దని చెప్పి ధర తగ్గించమనండి. నాకు తగ్గించలేదు, మీరు అడిగి చూడండి. 44 డై కూడా కొనమని మా అబ్బాయి అంటున్నాడు. దానికి మళ్లీ వేరే పంచ్ కట్టరు కావాలి కాబట్టి ఇప్పట్లో కొనను. ఈ సంక్రాంతికి రెండు బ్యాచ్‌లు ఒప్పుకున్నాను, ఒకటి 1988-89 వాళ్లది. అరవై రెండు పేర్లు, తెలుగులో, చేత్తో రాసి, అటెండెన్సు వరసలోనే పంపారు. పదిహేడో నంబరు పక్కన ఎవరో "ఈయన లేరు, అయినా బిళ్ల చేయండి" అని రాశారు.